మూడో బొమ్మలో ఎరుపు

పేపర్ అచ్చయి పంతొమ్మిది రోజులు. ఈ పంతొమ్మిది రోజుల్లో దీవెన ఆ మొదటి పేజీని ఫోన్లో ఎన్నిసార్లు తెరిచిందో లెక్క లేదు. తెరిస్తే మారుతుందా? అచ్చులో పడిందంటే పడిందే. అయినా బస్సులో సీటు దొరికితే తెరిచేది, అన్నం డబ్బా మూత తీసి ఒక ముద్ద తిని తెరిచేది. పైన రెండు పేర్లు. డాక్టర్ ఉమామహేశ్వరమ్మ, కెమిస్ట్రీ హెడ్. అజయ్ కుమార్, లెక్చరర్. అంతే. చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'ల్యాబ్ సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు' అని ఒక ముక్క. ల్యాబ్ సిబ్బంది అంటే గాజు గొట్టాలు కడిగే అంకమ్మ కూడా సిబ్బందే. అంకమ్మ మీద దీవెనకు కోపమేం లేదు, పాపం. కానీ ఆ అయిదు బొమ్మలూ అంకమ్మ గీయలేదు గదా!

గీసింది దీవెన. ఎమ్మెస్సీ చదివి, నంద్యాలలో ఆ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరి, రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోయే దీవెన. ఒక వేరులోంచి తీసిన చిన్న అణువు, ఒంట్లో ఉండే ఒక పెద్ద ప్రోటీన్ గుంతలో ఎట్లా ఇముడుతుందో కంప్యూటర్లో చూపించే బొమ్మలు అవి. నాలుగు నెలల పని. దానికి పేరు ఎందుకు వేయలేదంటే, ఆ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ల పేర్లు పేపర్లో వేసే ఆనవాయితీ లేదు. ఎవరు పెట్టినారు ఈ ఆనవాయితీ? ఎవరూ పెట్టలేదు. ఎక్కడన్నా రాసి ఉందా? ఎక్కడా లేదు. రాసి ఉన్న రూలునైతే ఎవరైనా కొట్టేయొచ్చు. రాయని దాన్ని ఏం చేస్తారు?

సోమవారం పదిన్నరకు హెడ్ గదిలోంచి పిలుపు వచ్చింది. దీవెన వెళ్లేసరికి అజయ్ కుమార్ చేతులు కట్టుకొని గోడకు ఆనుకొని ఉన్నాడు. ఉమామహేశ్వరమ్మ మేడమ్ కళ్లజోడు ముక్కు మీదికి దించి కంప్యూటర్ వైపు చూస్తోంది. కోపమొస్తే గట్టిగా అరిచే మనిషి ఆమె. అరవకుండా ఉందంటే సంగతి పెద్దదే అని దీవెనకు అర్థమైంది.

"జర్నల్ వాళ్లు ఒక జాబు పంపినారు. ఎవరో చదివి అడిగినాడంట. విను" అంది మేడమ్. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయింది. "మూడో బొమ్మలో మీ అణువుకు ఆక్సిజన్ ఉన్న కొస నీలంగా ఉండాది. నీలం ప్లస్, ఎరుపు మైనస్ అని బొమ్మ కింద మీరే రాసినారు. ఆక్సిజన్ కొసకు ప్లస్ ఎట్లా వచ్చింది? వివరిస్తే సంతోషిస్తాను. ఇంతే. మర్యాదగానే అడిగినాడు. అదే మంట నాకు."

"కింద రాత నాది మేడమ్" అన్నాడు అజయ్ కుమార్. "లోకమంతా రాసేదే నేనూ రాసినా. ఎరుపు మైనస్, నీలం ప్లస్."

దీవెన కంప్యూటర్ దగ్గరికి వచ్చి ఆ మూడో బొమ్మ చూసింది.

"ఎరుపు ప్లస్సు గదా సార్?"

ఆ మూడో బొమ్మలో అణువు పై పొరంతా రంగులు పూసి ఉంటుంది. ఎక్కడ మైనస్ ఎక్కువుందో, ఎక్కడ ప్లస్ ఎక్కువుందో రంగు చూసి తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్లో దానికి రెండు గడులు ఉన్నాయి. దీవెన తెరిచినప్పుడు మైనస్ గడిలో ఎరుపు ఉంది. ఇదేందిది అనుకుంది. ఫస్టియర్ పిల్లోళ్లు ఆ కంప్యూటర్లో ఊరికే రంగులు మారుస్తుంటారు, ఒకసారి కార్బన్లన్నీ గులాబీ రంగు చేసి పెట్టిపోయినారు. ఇదీ వాళ్ల పనేలే అని, ఎరుపు తెచ్చి ప్లస్సులో పెట్టి, నీలం తీసి మైనస్సులో పెట్టి సరిచేసింది. సరిచేసిందనే అనుకుంది ఇన్నాళ్లూ.

అది చెప్పింది. చెప్తుంటే అజయ్ కుమార్‌కు నవ్వు ఆగలేదు.

"ఏమ్మా, ఎర్ర వైరు ప్లస్సని ట్రాక్టర్ బ్యాటరీ అనుకుంటివా?"

"ఆ" అంది దీవెన. నిజం అదే. అబద్ధం చెప్పేందుకు కూడా తోచలేదు.

"ఎమ్మెస్సీ చదివినావు" అంది మేడమ్. "పుస్తకాల్లో చూడలేదా ఎప్పుడూ?"

"చూసినా మేడమ్. మావన్నీ జిరాక్సు పుస్తకాలు. బొమ్మలన్నీ నలుపూ తెలుపే."

మేడమ్ కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకొని, మళ్లీ పెట్టుకొంది. "పో. బొమ్మ మళ్లా గీయి. రేపటికల్లా గావాల" అంది.

ఆ సాయంత్రం బస్సు శిరివెళ్ల దాటేదాకా దీవెన కిటికీలోంచి నల్లమల వైపే చూస్తూ కూర్చుంది. ఫోన్ తెరవలేదు. పంతొమ్మిది రోజుల్లో ఆ పేజీ తెరవకుండా ఊరు చేరింది ఆ రోజే.

ఆళ్లగడ్డలో దిగితే నాయన షాపుకు పోయే దారిలో రాతి పని చేసేవాళ్ల షెడ్లు ఉంటాయి. ఉలి చప్పుడు ఎప్పుడూ ఆగదు. ఆ రోజు ఒకాయన అమ్మవారి బొమ్మ పీఠం మీద దాత పేరు చెక్కుతున్నాడు. ముందు సుద్దముక్కతో రాసుకొని, ఒక్కొక్క అక్షరమే పట్టుకొని చెక్కుతున్నాడు. ముఖం చెక్కింది ఆయనే, వేళ్లు చెక్కింది ఆయనే, పేరు మాత్రం ఇంకొకాయనది. దీవెన ఆగి చూసింది. చిన్నప్పటి నుంచీ ఇవే షెడ్ల ముందు నడుస్తున్నా, ఈ సంగతి ఒక్కనాడూ పట్టించుకోలేదు. అయినా ఆ రాతి పనాయన బాధపడుతున్నట్టు ఏం లేదు, నోట్లో వక్క నములుతూ హాయిగా చెక్కుకుంటున్నాడు. తనకే ఎందుకీ బాధ అని తన మీదే విసుగొచ్చింది.

నాయన దేవదానం మోటార్ల వైండింగ్ షాపు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి మూడో సందు. పీట మీద కూర్చొని, ఉయ్యాలవాడ నుంచి వచ్చిన బోరు మోటారులో కాలిన రాగితీగ చుట్టను పట్టకారుతో లాగి పారేస్తున్నాడు. కాలిన వార్నిష్ వాసన సందు మొగదల దాకా వస్తోంది.

"వస్తివా పాపా" అన్నాడు తలెత్తకుండానే. "ఈ పొద్దన్నా ఆ పేరు చూపిస్తావా?"

ఇదొకటి. పేపర్ వచ్చిన రోజు సంబరం పట్టలేక ఇంట్లో చెప్పేసింది. బొమ్మలు చూపించింది. దేవదానం ఫోన్ను దూరంగా పెట్టుకొని, దగ్గరగా పెట్టుకొని చూసి, "పేరు యాడుండాది మ్మే?" అన్నాడు. "లోపల్యాడో ఉంటాది నాయనా, ఫోన్లో తెరుచుకోదు" అంది. ఎందుకట్లా అనిందో! ఆ ఒక్క మాటకు పంతొమ్మిది రోజులుగా ఏదో ఒకటి చెప్తూనే ఉంది.

"తెరుచుకోలే నాయనా" అంది ఇప్పుడూ. పక్కనున్న డబ్బా మీద కూర్చొంది. "నాయనా, ఎర్ర వైరు ఎప్పుడూ ప్లస్సేనా?"

దేవదానం పట్టకారు కింద పెట్టి చూసినాడు. "ఏందీ అడగడం? ఎర్రది మైనస్ అన్నోడు బండి కాల్చుకుంటాడు. నువ్వు ఆరో తరగతిలో ఉన్నెప్పుడే బ్యాటరీకి వైర్లు తగిలిస్తాంటివి గదా. ఒక్కనాడన్నా తప్పు పెట్టినావా?"

"లేదు నాయనా."

"మరి?"

"ఊరికే అడిగినా."

ఇంటికి పోయినాక కూడా ఏం చెప్పలేదు. అమ్మ లూదియా అంగన్‌వాడీ నుంచి వచ్చి జొన్నరొట్టెలు తడుతూ ఏదేదో చెప్తా ఉంది. దీవెన ఊ కొట్టింది. రొట్టె తింటున్నంతసేపూ ఒక్కటే అనుకుంది: ఆ పేపర్లో తన పేరు లేకపోవడమే మంచిదయిందేమో, తప్పు ఎవరికీ తెలియదు. అట్లా అనుకుంటే హాయిగా ఉండాలి కదా? లేదు. ఇంకా మంటగా ఉంది.

మంగళవారం పొద్దునే ల్యాబ్ తాళం తీసి కంప్యూటర్ ముందు కూర్చుంది. అణువు నల్లటి తెర మీద తేలుతూ వచ్చింది. మౌస్ పట్టుకొని మెల్లగా తిప్పింది. ఎంత తిప్పిందో ఈ నాలుగు నెలల్లో! ఏ పక్క నుంచి చూస్తే గుంత నోరు తెరుచుకున్నట్టు కనబడుతుందో, ఏ పక్క నుంచి చూస్తే ఆక్సిజన్ దాక్కుంటుందో ఆమె చేతికి తెలుసు. అడ్డమొచ్చే హైడ్రోజన్లను తీసేసింది. ప్రోటీన్ను రిబ్బన్ లాగా సన్నగా చేసి లేత ఆకుపచ్చలో పెట్టింది. పై పొరను కొంచెం పల్చన చేసింది, లోపలి బంధాల పుల్లలు కనబడేటట్టు. తర్వాత ఆ రెండు గడులు తెరిచింది.

మైనస్ గడిలో ఎరుపు పెట్టడానికి చెయ్యి రాలేదు. నవ్వొచ్చే సంగతే, కానీ నిజం. చిన్ననాటి అలవాటు ఒక్క దినంలో పోతుందా? రెండుసార్లు పెట్టి రెండుసార్లు తీసింది. మూడోసారి పళ్లు బిగించి నొక్కింది. ఆక్సిజన్ కొస అంతా ఎర్రబడింది. అవతలి కొస నీలమైంది. చూడ్డానికి మొత్తం తలకిందులైనట్టే ఉంది కానీ, ఇదే సరైనది. అచ్చుకు పంపే బొమ్మ తీయమని నొక్కి కూర్చుంది. ఆ పాత కంప్యూటర్‌కు ఒక్క బొమ్మకు పావుగంట పడుతుంది. పైనుంచి కిందికి ఒక్కొక్క గీతే దిగుతుంది. గీత దిగుతున్నంతసేపూ దీవెన కన్నార్పలేదు. ఎంత బాగుంది! తప్పుగా ఉన్నప్పుడూ బాగుంది, ఒప్పుగా ఉన్నప్పుడూ బాగుంది. నాది, అనుకుంది. నాది అని పైకే అనేసింది. ల్యాబ్‌లో అంకమ్మ తప్ప ఎవరూ లేరు.

"ఏంది నీది?" అంది అంకమ్మ.

"ఏం లేదత్తా."

మధ్యాహ్నానికి స్టాఫ్‌రూమంతా ఒకటే మాట. మేడమ్ తప్పును తన మీద వేసుకుందంట. ల్యాబ్ అసిస్టెంటు చేసిన పొరపాటు అని రాద్దామని అజయ్ కుమార్ అంటే, మేడమ్ కసిరిందంట. "పేరు మాది, తప్పు ఆ పిల్లదా? సిగ్గుండాల" అనిందంట. అజయ్ కుమారే వచ్చి చెప్పినాడు. చెడ్డవాడేం కాదు, నోరే కొంచెం దురద.

"మేడమ్‌ది పెద్ద గుండె దీవెనా. నీ పేరు బయటికి రానీలేదు. పోయి దండం పెట్టుకో."

"నా పేరు బయటికి రానీలేదు" అని దీవెన ఆ మాటనే మళ్లీ అనింది.

"అదే గదా చెప్తాండేది."

అందరూ మేడమ్‌ను మెచ్చుకున్నారు. దీవెన కూడా మెచ్చుకోవాలి. న్యాయంగా చూస్తే ఆ తల్లి చేసింది గొప్ప పనే, ఎంతమంది చేస్తారు? అయినా దీవెనకు ఏడుపొచ్చింది. బాత్రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది. బొమ్మలు తనవి కావన్నారు, సరే. ఆ తప్పు ఎవరిది? జిరాక్సు పుస్తకాల్లో చదివి, బ్యాటరీకి వైర్లు తగిలించి పెరిగిన పిల్ల తప్ప ఇంకెవరన్నా చేయగలరా ఆ తప్పు? మేడమ్ చేయదు, అజయ్ కుమార్ చేయడు. ఆ పేపర్ మొత్తంలో ఖచ్చితంగా తనది అని చెప్పుకోగలిగింది ఆ తప్పొక్కటే. దాన్ని కూడా తీసేసుకున్నారు.

బుధవారం కొత్త బొమ్మను జాబుకు జతచేసే పని దీవెనకే పడింది. జాబు చదివింది. 'ఇది రచయితలమైన మా ఇద్దరి పొరపాటు. చింతిస్తున్నాము' అని ఉంది. బొమ్మ జతచేసింది. పంపే ముందు మేడమ్‌కు చూపించాలి. ల్యాబ్ నుంచి హెడ్ గదికి ముప్పై అడుగులు కూడా ఉండవు.

"మేడమ్, ఇద్దరి పొరపాటు అని రాసినారు."

"అయితే?"

"ఆ ఇద్దరిలో నేను లేను మేడమ్. తప్పు చేసింది నేను."

మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. "నిన్ను కాపాడదామనే రాసినా దీవెనా."

"తెలుసు మేడమ్. కాపాడొద్దు. నా పేరు రాయండి."

"పిచ్చి పట్టిందా నీకు? ముప్పై ఏండ్లుగా చూస్తాండా. మంచికి పేరు అడిగేవాళ్లను చూసినా, మార్కులకు గొడవ పడేవాళ్లను చూసినా. తప్పుకు పేరు అడిగేవాళ్లను చూడలేదు."

దీవెన తలొంచుకుంది. కానీ బయటికి పోలేదు. మేడమ్ తెలివిగల మనిషి, ఆమెకు అర్థం కావడానికి ఎంతసేపు కావాలి?

"నీ పేరు రాస్తే ఏమవుతాదో తెలుసా? బొమ్మ గీసిన మనిషి వేరే ఉంటే పైన ఆమె పేరెందుకు లేదని వాళ్లు అడుగుతారు."

"ఆ మేడమ్."

"అడగాలనేనా నీకు?"

ఏడాదికొకసారి కొత్తగా రాసిచ్చే ఉద్యోగం ఆమెది. ఈ మాట అంటే మే నెలలో మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోకపోవచ్చు. నంద్యాలలో ఎమ్మెస్సీలకు కొదవా? రాయి విసిరితే ఒకరికి తగులుతుంది. అయినా అనేసింది.

"అడగాలనే మేడమ్."

"బొమ్మలు గీసేటప్పుడే నన్నెందుకు అడగలేదు?"

"ఆనవాయితీ లేదంటారు."

"ఎవరంటారు?"

"ఎవరూ అనరు మేడమ్. అందరికీ తెలుసు అంతే."

మేడమ్ మొహం గంటు పెట్టుకుంది. కోపమో, ఇంకేదో తెలియలేదు. "జాబు ఆపు. పంపొద్దు. పో, నాకు క్లాసుంది" అంది.

ఆ గంటకు మేడమ్‌కు క్లాసు లేదు. టైం టేబుల్ టైపు చేసింది దీవెనే.

గురువారం ఎవరూ పిలవలేదు. దీవెన పిప్పెట్లు కడిగింది, ఆమ్లాల సీసాలకు చీటీలు మార్చింది, పని లేకున్నా అలమరా సర్దింది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడితే తలెత్తి చూసేది. ఎందుకన్నానురా దేవుడా అనుకుంది. మళ్లీ, అనడమే మంచిదయింది అనుకుంది. ఆ రెండింటి నడుమే దినమంతా గడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ తానే ల్యాబ్‌కు వచ్చింది. పిల్లలు కూర్చునే ఎత్తు స్టూలు లాక్కొని కంప్యూటర్ పక్కన కూర్చొంది. ఆమె అక్కడ కూర్చోగా ఎవరూ చూడలేదు. అంకమ్మ చేతిలో బ్రష్షుతో అట్లే నిలబడిపోయింది.

"ఒకటో బొమ్మ తెరువు" అంది మేడమ్. "మన అణువులో కార్బన్లకు ఈ పసుపు ఎందుకు పెడితివి? కార్బన్ అంటే బూడిద రంగు గదా."

దీవెన మౌస్ పట్టుకొంది. "ప్రోటీన్‌లో కూడా కార్బన్లుంటాయి మేడమ్. రెండూ బూడిద రంగయితే మన అణువు యాడుందో కండ్లు వెతుక్కోవాల. చూసీ చూడగానే కనబడాల గదా. ఆకుపచ్చ పెట్టి చూసినా, రిబ్బన్‌లో కలిసిపాయ. మామూలు పసుపు పెడితే గంధకం అనుకుంటారు. అందుకని దీనికి పండిన జొన్నకంకి రంగు కలిపినా. దొరకడానికి రెండు దినాలు పట్టింది."

"నైట్రోజన్ నీలం, ఆక్సిజన్ ఎరుపు మార్చలేదే?"

"అవి అందరికీ అలవాటైన రంగులు మేడమ్. అవి మారిస్తే చదివేవాళ్లు తికమక పడతారు." అనేసి నాలుక కరుచుకుంది. మూడో బొమ్మలో తాను చేసిందేమిటి మరి?

మేడమ్ నవ్వింది. "పర్వాలేదు. రెండో బొమ్మ తెరువు."

అయిదు బొమ్మలూ తెరిపించింది. తెల్లటి వెనక తెర ఎందుకు, చుక్కల గీతలు ఎందుకు, ఈ పక్కకే ఎందుకు తిప్పింది, అన్నీ అడిగింది. దీవెన చెప్తూ చెప్తూ భయం మరిచిపోయింది. నాలుగు నెలలుగా చెప్పాలని ఉన్నా అడిగినవాళ్లు లేరు. మేడమ్ చిన్న నోటు బుక్కులో రాసుకొంది. లేచేటప్పుడు స్టూలు చప్పుడు కాకుండా లోపలికి తోసింది.

"నాకు నీ బొమ్మలు ఇప్పుడు అర్థమైనాయి" అంది. "పేపర్ రాసేటప్పుడు అర్థమైనాయనుకున్నా. జాబు నేనే పంపుతా."

ఏం రాసిందో చెప్పలేదు.

జర్నల్ వాళ్ల సవరణ తరువాతి గురువారం వచ్చింది. పొద్దున బస్సులో చూసింది. నిలబడి ఉంది, ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకొని ఇంకో చేత్తో ఫోన్. మొత్తం రెండు వాక్యాలు, ఇంగ్లీషులో. 'ఈ వ్యాసంలోని అయిదు బొమ్మలూ రంగులతో సహా రూపొందించినది కె. దీవెన. మూడో బొమ్మలో ప్లస్, మైనస్‌ల రంగులు తారుమారైనందుకు రచయితలు చింతిస్తున్నారు.'

తప్పున్న ఒక్క బొమ్మ గురించి రాస్తే చాలు. మేడమ్ అయిదూ రాసింది. దీవెన చదివి, మళ్లీ చదివి, పక్కన కూర్చున్న ముసలాయన భుజం మీద చెయ్యి పడేసింది బస్సు కుదుపుకు. "చూసుకో తల్లీ" అన్నాడు ఆయన. మొదటి పేజీకి పోయి చూసింది. పైన రెండు పేర్లు రెండు పేర్లుగానే ఉన్నాయి. వాటిని మార్చాలంటే అందరూ సంతకాలు పెట్టాలంట, పైనుంచి ఒప్పుకోవాలంట. ఈసారికి ఇంతే అని మేడమ్ సాయంత్రం మొహమాటంగా చెప్పింది.

ఆ రోజు షాపు మూసే వేళకు దీవెన నాయన చేతికి ఫోన్ ఇచ్చింది. దేవదానం చేతులు గుడ్డకు తుడుచుకొని, మోటారు మీది కంపెనీ పేరు రేకు చదివినట్టు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే వేలు పెట్టి చదివినాడు. అయిపోయినాక మళ్లీ మొదటి నుంచి చదివినాడు.

"ఉండాది మ్మే!" అన్నాడు.

"ఉంది నాయనా. ఈ పొద్దే వచ్చింది. ఇంతకు ముందు లేదు. లోపల ఉందని నీకు అబద్ధం చెప్పినా."

మిగతాది కూడా చెప్పేసింది. ఎర్ర వైరు సంగతి, తప్పు, మేడమ్, పైన లేకపోవడం, అంతా. దేవదానం ఎర్ర వైరు దగ్గర మాత్రం "అట్లెట్లా?" అన్నాడు. ఇంటికి వచ్చి లూదియాకు ఆయనే చెప్పినాడు. లూదియా పొయ్యి ముందు కూర్చొని అంతా విని, "పైన ఎందుకు రాయలేదు?" అని ఒక్కటే అడిగింది.

ఆదివారం చర్చిలో పాటలయినాక పాస్టరు గారు సాక్ష్యాలున్నాయా అని అడిగినారు. జ్వరం తగ్గినామె లేచి చెప్పింది. సంజామల దగ్గర బోరులో నీళ్లు పడినాయన లేచి చెప్పినాడు. ఆ తర్వాత లూదియా తల మీద కొంగు సర్దుకొని లేచింది. దీవెన అమ్మ చీర పట్టి లాగింది. లూదియా ఆ చెయ్యి తీసేసింది.

"అందరికీ వందనాలు. మా పాప నంద్యాల కాలేజీలో అయిదు బొమ్మలు గీసింది. మందులకు సంబంధించిన బొమ్మలు. నాకు తెలీవు. ఒక బొమ్మలో రంగు తప్పు పెట్టింది. ఆ తప్పు వాళ్ల మేడమ్ మోస్తానంటే, వద్దు మేడమ్, నాదే అని పోయి తన పేరు రాయించుకునింది. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అన్నారు అందరూ. దీవెనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయిపోయిందిలే, కూర్చుంటుందిలే అనుకుంది. లూదియా కూర్చోలేదు.

"ఇంకొక మాట. బొమ్మలు గీసినామె అని కింద రాసినారు. పైన పెద్దోళ్ల పేర్లుండే చోట రాయలేదు. నా బిడ్డకు ఆడ తన పేరు చూసుకోవాలని శానా ఆశ. పైకి చెప్పదు. నాకు తెలుసు. ఈసారి ఏం చేసినా పైవరసలోనే దాని పేరు రావాలని సంఘమంతా ప్రార్థన చెయ్యండి."

చర్చిలో చిన్నగా గుసగుసలాడినారు. పైవరస అంటే ఏమో వాళ్లలో సగం మందికి తెలియదు. పాస్టరు గారికీ తెలియదు. అయినా ఆయన కండ్లు మూసుకొని చేతులెత్తినారు. మిరప కోతలకు పోయేవాళ్లు, ఆటోలు తోలేవాళ్లు, అందరూ తలలొంచినారు. "ప్రభువా, బిడ్డ దీవెన పేరు పైవరసలో నిలబెట్టు" అని పాస్టరు గారు గట్టిగా అడిగినారు.

ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకూడదని కడుపులో దాచుకున్న మాటను ఆయన మైకులో అడుగుతున్నారు. దీవెన కండ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. అవును, కావాలి నాకు, అనుకుంది. ప్రార్థన ముగిసినాక అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది.